తెగిన తీగ

మానవునకు కన్నులు రెండును ముఖముననే ఉన్నవి. ముందున్నదానిని చూచుటకు అవి చాలును. వెనుకనున్నదానిని చూడవలెనన్న మెడ త్రిప్పవలయును. కాలినడకన పోవువానికి దీనివలన చిక్కు లేదు. గంటకు 100 కిలోమీటర్ల వేగముతో కారు నడుపువాడు ఒక్క సెకను కాలము వెనుదిరిగి చూచినచో, ఆ సెకనులో కారు ఇంచుమించు 28 మీటర్లు ముందునకు పోవును. ఆ 28 మీటర్లలో ఏమి అడ్డము వచ్చునో ఎవరు చెప్పగలరు?

మోటారు బండ్లు పుట్టిన తొలినాళ్ళలోనే ఈ కొరత కొందరికి తోచినది. 1909లో ఇంగ్లండు దేశమున డొరొతీ లెవిట్ అను వనిత, స్త్రీలకొరకు మోటారు నడుపు విద్యను గూర్చి ఒక పుస్తకము వ్రాసెను. కారు నడుపునపుడు చేతి అద్దమొకటి దగ్గర నుంచుకొని, దానిని అప్పుడప్పుడు పైకెత్తి వెనుక త్రోవను చూచుకొనుట మేలని ఆమె అందు చెప్పెను. 1911లో అమెరికాలోని ఇండియానాపోలిస్ నగరమున 500 మైళ్ళ కార్ల పందెము మొదటిసారి జరిగెను. తక్కిన పోటీదారుల ప్రక్కన మెకానిక్ ఒకడు కూర్చుండి, వెనుకనుండి వచ్చు కార్లను గూర్చి హెచ్చరించుచుండెను. రే హారూన్ అను పోటీదారుడు మాత్రము తన కారునకు అద్దము బిగించుకొని, ఒంటరిగా నడిపి, పందెము గెలిచెను.

నేటి కార్లకు ఇరుప్రక్కలను అద్దములుండును. మన దేశమున బండ్లు త్రోవకు ఎడమవైపున నడచును గనుక డ్రైవరు కుడివైపు సీటులో కూర్చుండును. కుడి అద్దము అతని చేతికందును. ఎడమ అద్దము ప్రక్క సీటునకు ఆవల, తలుపునకు వెలుపల ఉండును. అది కొద్దిగా వాలినను త్రోవకు బదులు ఆకాశమో నేలయో కనబడును. అట్టి అద్దము ఉండియు లేనట్లే. కనుక కూర్చున్నచోటు విడువకయే దానిని త్రిప్పుకొనుటకై విద్యుత్తు సాయమును తీసికొనిరి. తలుపు లోపలివైపున చిన్న మీట ఉండును. దానిని నొక్కినచో అద్దము పైకి, క్రిందికి, కుడికి, ఎడమకు కదలును. కదలినన్నాళ్ళు దాని సంగతి ఎవరును తలపరు. కదలనినాడు మాత్రము మేస్త్రి జ్ఞప్తికి వచ్చును.

విజయవాడలో జవహర్ ఆటోనగర్ అను పేట కలదు. అది 1966లో ఏర్పడినది. చెన్నై నుండి కలకత్తాకు పోవు రహదారియు, హైదరాబాదు నుండి మచిలీపట్టణమునకు పోవు రహదారియు కలిసికొను నగరమగుటచే అచ్చటికి వచ్చు బండ్లకు కొదువ లేదు. ఆ పేటలో లారీలకు బాడీలు కట్టువారు కొందరు. ఇంజన్లు విప్పి బిగించువారు కొందరు. కమాను కట్టలు వేయువారు, రేడియేటర్లు అతుకువారు, సీట్లు కుట్టువారు మరి కొందరు. తెల్లవారినది మొదలు సుత్తి దెబ్బల చప్పుడు వినబడుచునే ఉండును.

అందొక సందులో రేకుల షెడ్డు క్రింద వృద్ధుడైన ఎలక్ట్రికల్ మేస్త్రి ఒకడు పని చేయుచుండును. బండ్ల యజమానులు ఆయనను కరెంటు మేస్త్రి అందురు. ఆయన పనిముట్లు చాల కొద్ది. ఒక మీటరు, రెండు స్క్రూడ్రైవర్లు, వైరు కత్తిరించు కటింగు ప్లేయరు, రెండు తీగల మధ్య చిన్న బల్బు కట్టిన టెస్టు ల్యాంపు. గోడనున్న బల్లపై పాత బిస్కట్ల డబ్బా ఒకటి ఉండును. దానిని ఆయన తెరువగా ఎవరును చూడలేదు. పారవేయుదమని ఎవరైన అన్నచో, "అది నా పుస్తకము. దానిని కదల్పకుడు" అని నవ్వుచుండును.

శ్రావణమాసమున ఒకనాటి సాయంకాలము వాన కురిసి వెలిసినది. అద్దె కారు నడుపు మధ్యవయస్కుడొకడు ఆ షెడ్డు ముందు కారు ఆపి దిగెను.

"మేస్త్రి గారూ, ఎడమ అద్దము పది దినములనుండి కదలుట లేదు. పగలు నేను, రాత్రి మా బావమరిది ఈ బండి నడుపుదుము. అతడు నాకంటె జానెడు పొడవు. అతనికి సరిపోయినట్లుంచిన అద్దములో నాకు ఆకాశము తప్ప మరేమియు కనబడదు. నిన్న ఎడమకు త్రిప్పుచుండగా ఒక మోటారు సైకిలు నా ప్రక్కకు వచ్చినది. వెనుక బిడ్డను కూర్చుండబెట్టుకొని ఒక తల్లి నడుపుచున్నది. ఆమె అరచినందున ఆగితిని గాని, లేనిచో..." అని అతడు మాట ముగింపలేకపోయెను.

"చేతితో నొక్కి సరిచేసికొనలేదా?" అని మేస్త్రి అడిగెను.

"అదియే చేయుచున్నాను. దిగి నొక్కవలెను, మరల వచ్చి కూర్చుండి చూడవలెను, సరిగా లేనిచో మరల దిగవలెను. గట్టిగా నొక్కిన పగులునేమో యని భయము. ఒకచోట చూపితిని. స్విచ్చి పోయినదని చెప్పి క్రొత్త స్విచ్చి వేసిరి. రూపాయలు పోయినవి, అద్దము కదలలేదు. రేపు తెల్లవారుజామున నాలుగు గంటలకు తిరుపతికి బాడుగ ఒప్పుకొంటిని. ముసలివారు, పిల్లలు ఎక్కుచున్నారు."

మేస్త్రి వద్ద పని నేర్చుకొను యువకుడొకడుండెను. ఐ.టి.ఐ. పరీక్షలో తేరి ఆరు మాసముల క్రిందట చేరినవాడు. చురుకైనవాడు, కొంచెము తొందర కలవాడు. మేస్త్రి అతని వైపు చూచి, "నీవు చూడుము నాయనా" అనెను.

యువకుడు ఫ్యూజు పరీక్షించెను, బాగుగనే ఉన్నది. స్విచ్చిని కుడి అద్దమునకు త్రిప్పి నొక్కెను. కుడి అద్దము చక్కగా కదలెను. ఎడమకు త్రిప్పి నొక్కెను. పైకి లేదు, క్రిందికి లేదు, ఇటు లేదు, అటు లేదు. మోటారు చప్పుడైనను వినబడలేదు. అతడు ఎడమ తలుపు ప్యాడు ఊడదీసి, అద్దమునకు పోవు కనెక్టరును విడదీసి, డ్రైవరును మీట నొక్కుమని చెప్పి, తీగల కొనలకు మీటరు ముట్టించెను. మీటరులో 12 వోల్టులు కనబడినవి.

"మేస్త్రి గారూ, తేలిపోయినది! ఇచ్చటివరకు కరెంటు వచ్చుచున్నది. అద్దములోని మోటారే పోయినది. అద్దము మొత్తము మార్చవలెను" అనెను.

డ్రైవరు ముఖము వాడిపోయెను. మొత్తము అద్దమనగా కొన్ని వేల రూపాయలు. పిల్లవాని బడి జీతమునకై దాచిన సొమ్మే అతనివద్ద ఉన్నది. అయినను నిన్నటి తల్లియు బిడ్డయు అతని కన్నుల ముందు మెదలిరి కాబోలు, "కానిండు, వేయుడు" అని జేబులో చేయి పెట్టెను.

"డబ్బు ఉండనిమ్ము బాబూ" అని మేస్త్రి లేచి వచ్చెను. సుద్దముక్క తీసికొని నేలమీద బొమ్మ గీచి, యువకునితో ఇట్లనెను: "అద్దము వెనుక మోటార్లెన్ని?"

"రెండు. ఒకటి పైకి క్రిందికి త్రిప్పును. ఒకటి ప్రక్కలకు త్రిప్పును."

"తీగలెన్ని?"

"ఈ బండిలో మూడు. మోటారునకొకటి చొప్పున రెండు. ఆ రెంటికిని ఉమ్మడిగా ఒకటి. మీట పైకి నొక్కిన ఒక తీగలో కరెంటు వచ్చి ఉమ్మడి తీగలో తిరిగిపోవును. క్రిందికి నొక్కిన ఉమ్మడి తీగలో వచ్చి మొదటి తీగలో తిరిగిపోవును. కరెంటు దిక్కు మారినచో మోటారు తిరుగుడు మారును."

"బాగుగ చెప్పితివి. రెండు మోటార్లును ఒకేనాడు చచ్చినవా?"

యువకుడు మాటాడలేదు.

"కవలపిల్లలైనను ఒకేనాడు జబ్బు పడుట అరుదు. రెండును ఒక్కసారి ఆగినపుడు, ఆ రెంటికిని ఉమ్మడిగా ఉన్నదేదో దానిని ముందు అనుమానింపవలెను. ఉమ్మడిగా ఉన్నదేది?"

"మూడవ తీగ" అని యువకుడు మెల్లగా అనెను. వెంటనే, "కాని 12 వోల్టులు కనబడినవి గదా, మేస్త్రి గారూ! తీగ తెగినచో ఎట్లు కనబడును?" అని ప్రశ్నించెను.

ప్రశ్న మంచిది. దీనికి సమాధానము విద్యుత్తు చదువువారందరును గ్రహింపదగినది. మునిసిపాలిటీ కుళాయి గొట్టములో పాచి పేరుకొని సందు మిక్కిలి సన్ననైనదనుకొందము. కుళాయి కట్టియుండగా ఆ గొట్టమునకు ఒత్తిడి కొలుచు సాధనము తగిలించినచో, అది పూర్తి ఒత్తిడినే చూపును. నీరు కదలకున్నది గనుక ఇరుకు బయటపడదు. కుళాయి విప్పినంతనే బొట్లు బొట్లుగ రాలును. తీగయు అట్టిదే. లోపలి రాగి పోగులన్నియు తెగి ఒక్క పోగు మిగిలియున్నను, మీటరు 12 వోల్టులు చూపును. ఏలయన మీటరు త్రాగు కరెంటు లెక్కకు రానంత స్వల్పము. మోటారు పని చేయవలెనన్న కరెంటు నిజముగ ప్రవహింపవలెను. అప్పుడా ఇరుకులోనే వోల్టులు ఖర్చయిపోయి మోటారునకు మిగులవు. వోల్టులకును, కరెంటునకును, అడ్డుకొను నిరోధమునకును గల ఈ లెక్కను జర్మను దేశీయుడైన గియోర్గ్ ఓమ్ 1827లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. ఆయన కొలోను నగరమున బడిపంతులుగా పని చేయుచు ఆ ప్రయోగములు చేసినవాడు.

మేస్త్రి మీటరును ప్రక్కన పెట్టి టెస్టు ల్యాంపు తీసెను. "మీటరు అబద్ధము చెప్పలేదు. నీవడిగిన ప్రశ్నకే జవాబు చెప్పినది. 'బరువు మోయగలవా?' అని అడుగుటకు ఈ దీపము కావలెను" అనెను.

డ్రైవరు మరల మీట నొక్కి పట్టెను. మేస్త్రి ల్యాంపు ఒక కొనను పై మోటారునకు పోవు తీగకును, రెండవ కొనను బాడీ ఎర్తునకును ముట్టించెను. బల్బు తెల్లగా వెలిగెను. అనగా వచ్చు దారి బాగున్నది. పిదప ఎర్తు మీది కొనను తీసి ఉమ్మడి తీగకు ముట్టించెను. బల్బులో వెలుగు లేదు. తిరిగిపోవు దారి చెడినది!

"ఇక అది ఎచ్చట చెడినదో చూడవలెను" అని మేస్త్రి డ్రైవరు వైపు తిరిగి, "బాబూ, ఈ పది దినములలో అద్దము ఒక్కసారియైనను కదలినదా?" అని అడిగెను.

"ఒకసారి కదలినదండి. ప్రక్క తలుపు సగము తెరచి ఉన్నది. తలుపు వేయగనే మరల ఆగిపోయినది."

"ముందు చూచినవారికి ఈ మాట చెప్పలేదా?"

"ఎవరును అడుగలేదు."

మేస్త్రి యువకుని చూచెను. యువకుడు తల వంచుకొనెను. రోగిని అడుగక మందిచ్చు వైద్యుడెట్టివాడో, బండి నడుపువానిని అడుగక విప్పు మేస్త్రి అట్టివాడు.

తలుపునకును బండి స్తంభమునకును నడుమ ముడుతలు పడిన రబ్బరు గొట్టమొకటి ఉండును. తలుపులోనికి పోవు తీగలన్నియు దానిగుండ పోవును. తలుపు తెరచినపుడెల్ల అవి చాచుకొనును, మూసినపుడెల్ల వంగును. అద్దె కారులో జనులు త్రోవ ప్రక్కనుండు ఎడమ తలుపులనే తరచుగ తెరచి మూయుదురు. ఇనుప తీగను చేతితో పలుమారు వంచిన విరుగునట్లే, రాగి పోగులును ఏండ్ల తరబడి వంగి వంగి ఒక్కొక్కటిగ తెగును. పైనున్న ప్లాస్టికు తొడుగు మాత్రము చెక్కు చెదరదు.

మేస్త్రి మొదట బ్యాటరీ టెర్మినలు విప్పించెను. రబ్బరు గొట్టమును వెనుకకు ఒలిచెను. వాన నీరు చేరి లోపల చెమ్మగా నుండెను. ఆయన తీగలను రెండు వ్రేళ్ళతో ఒక్కొక్కటిగ మెల్లగా లాగి చూచెను. అన్నియు బిగువుగనే ఉన్నవి. ఒకటి మాత్రము రబ్బరు దారమువలె సాగెను. "ఇదిగో" అని తొడుగు చీల్చి చూపెను. లోపల రాగి ఆకుపచ్చ పొడియై ఉన్నది. ఆ పొడి నడుమ వెండ్రుకవంటి పోగొకటి ఇటు నటు తగిలియు తగులకయు వ్రేలాడుచుండెను.

యువకుడు ఆ చివరలను కలిపి టంకము పెట్టబోయెను. మేస్త్రి వారించెను. "టంకము పెట్టినచోట తీగ పుల్లవలె బిగిసిపోవును. వంగుచోట అతుకు పెట్టినచో అతుకు ప్రక్కనే మరల విరుగును" అనెను. చెడినంత మేర తీసివేసి, అదే లావు గల, సన్నని పోగులు పెక్కుగా ఉన్న మెత్తని క్రొత్త తీగను వేయించెను. అతుకులు రెండును వంగుచోటికి దూరముగ, ఒకటి తలుపులోపల, ఒకటి స్తంభములోపల పడునట్లు చూచెను. ప్రక్క తీగలను గూడ పరీక్షించి, రబ్బరు గొట్టమును నీరు చొరకుండ బిగించెను. ఆ ప్రక్కనే పసుపుపచ్చని తొడుగులో ఉన్న తీగలను మాత్రము యువకుని ముట్టనీయలేదు. అవి ప్రమాద సమయమున ఉబ్బి మనుష్యులను కాపాడు గాలి సంచులకు సంబంధించినవి. వానికి టెస్టు ల్యాంపు ముట్టించుట మిక్కిలి అపాయకరము. క్రొత్త కార్లలో తలుపు తలుపునకు చిన్న కంప్యూటరుండుటయు కలదు. అట్టి బండ్లకు ముందు స్కానరు తగిలించి చూడవలెను. అయితే స్కానరు ఏ దారిలో దోషమున్నదో చెప్పును గాని, రబ్బరు గొట్టములో తెగిన పోగును వ్రేలితో చూపదు. చివరి జానెడు దూరము మనుష్యుడే వెదకవలెను.

బ్యాటరీ తగిలించి మీట నొక్కిరి. ఎడమ అద్దము మెల్లగా తల ఎత్తెను. మేస్త్రి అంతటితో తృప్తి పడలేదు. డ్రైవరు మీట నొక్కుచుండగా యువకునిచేత తలుపు పదిసార్లు తెరపించి మూయించెను. పదిసార్లును అద్దము ఆగలేదు.

డ్రైవరు సీటులో కూర్చుండి అద్దము సవరించుకొనెను. కారు ప్రక్క భాగము సన్నని గీతగాను, తక్కినదంతయు వెనుక త్రోవగాను కనబడినది. వానకు తడిసిన సందు, దాని చివర దీపములు, సైకిలుపై వచ్చుచున్న ఒక ముసలివాడు, అన్నియు అందున్నవి. "ఎంత ఇమ్మందురు?" అని అతడు అడిగెను. మేస్త్రి తీగ వెలయు, రెండు గంటల కూలియు మాత్రము చెప్పెను. అతడు రెండుమారులు అడిగి, అదియే మొత్తమని నమ్మి, దండము పెట్టి వెడలిపోయెను.

కారు పోయిన పిదప యువకుడు చాలసేపు మౌనముగ సామానులు సర్దెను. చివరకు, "నేను అద్దము మార్పించియుందును. క్రొత్త అద్దమును కదలకపోయెడిది. అప్పుడేమని చెప్పియుందునో!" అనెను.

మేస్త్రి బల్లపైనున్న బిస్కట్ల డబ్బా తెచ్చి మూత తీసెను. అందు గుడ్డలో చుట్టిన పాత వైపరు మోటారొకటి ఉండెను.

"ఇది నలువది ఏండ్లనాటిది. ఒక లారీకి వానలో వైపరు ఆగిపోయినది. మోటారు పోయినదని చెప్పి క్రొత్తది అమ్మితిని. విప్పి బిగించు కదలికకు ఎర్తు తీగ సర్దుకొని కొంతసేపు పని చేసినది. నేనే బాగుచేసితినని మురిసితిని. ఆ రాత్రి నడిదారిలో జోరువానలో అది మరల ఆగినది. లారీ తెల్లవారువరకు నిలిచిపోయి సరకు ఆలస్యముగ చేరినది. బాడుగలో కోత పడినది. వేరొక ఊరి మేస్త్రి వదులైన ఎర్తు స్క్రూ బిగించి పంపెనట. నెల దినములకు ఆ డ్రైవరు వచ్చి ఈ మోటారును నా ముందు పెట్టి, 'మేస్త్రీ, ఇది మంచిదేనట. నీవద్దనే ఉంచుకో' అనెను. తిట్టలేదు. తిట్టియుండినచో మరచిపోయెడివాడను."

"సొమ్ము తిరిగి ఇచ్చితిరా?"

"ఇచ్చితిని. పోయిన రాత్రిని ఎట్లు ఇయ్యగలను?"

యువకుడు ఆ మోటారును చేతిలోనికి తీసికొని చూచెను. తీగలకు బ్యాటరీ ముట్టించెను. నలువది ఏండ్ల తరువాతను అది గిఱ్ఱున తిరిగెను.

మరునాటి ఉదయము మేస్త్రి వచ్చుసరికి యువకుడు అప్పుడే షెడ్డు తెరచి ఉండెను. ముందురాత్రి నేలమీద గీచిన సుద్ద బొమ్మ వాన జల్లుకు చెరిగిపోయెను. అతడు దానిని మరల గీచి, మూడవ తీగను లావుగా దిద్దుచుండెను. అప్పటికే ఒక ఆటో వచ్చి నిలిచియుండెను. హారను మ్రోగుట లేదని దాని యజమాని చెప్పుచుండెను. యువకుడు మీటరునకై చేయి చాపలేదు. ఆ యజమానికి స్టూలు వేసి, "ఎప్పటినుండి మ్రోగుట లేదండి? నడుమ ఎప్పుడైనను మ్రోగినదా?" అని అడిగెను.

మేస్త్రి ఏమియు అనక తన పనికి కూర్చుండెను.